నాన్నకు పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బింది, 5.8 సెం.మీ. కోసి చేయించాలా, స్టెంట్ వేయించాలా?

కందుకూరు_చిన్నోడు
నాన్నకు 71. పొగాకు రైతు. యాభై ఏళ్లుగా చుట్ట అలవాటు. ప్రోస్టేట్ ఇబ్బందని ఒంగోలులో పొట్ట స్కాన్‌కి తీసుకుపోయా. జెల్ పూసి అటూ ఇటూ తిప్పుతున్న ఆయన బొడ్డు పైన ఒకచోట ఆగిపోయాడు. రెండుసార్లు కొలిచాడు, లేచి పోయి పక్క గదిలో డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన కూడా కొలిచి "ఈయనకు ఎప్పుడూ నడుం నొప్పి రాలేదా" అన్నాడు. అప్పుడే నాకు కాళ్లలో వణుకు మొదలైంది.
బృహద్ధమని అంట, గుండె నుంచి కిందికి దిగే పెద్ద నాళం. కిడ్నీల కింద ఉబ్బి 5.8 సెం.మీ. అయింది. మామూలుగా 2 ఉండాలంట. నొప్పి లేదు, ఏమీ లేదు. మనిషి నిన్న కూడా మోటార్ సైకిల్ మీద పొలానికి పోయొచ్చాడు.
నెల్లూరులో చూపిస్తే పొట్ట కోసి గొట్టం వేసి కుట్టేస్తాం, ఒక్కసారితో అయిపోతుంది అన్నారు. చెన్నైలో చూపిస్తే ఇప్పుడు పొట్ట ఎవరు కోస్తున్నారు, తొడల దగ్గర నుంచి నాళంలోకి గుడ్డ తొడిగిన స్టెంట్ పంపిస్తాం, మూడో రోజు ఇంటికి పోవచ్చు అన్నారు. చెన్నై ఎస్టిమేట్ 8 లక్షల పైన. నెల్లూరుది అందులో సగం లోపే. డబ్బు గురించి కాదు అని రాద్దామనుకున్నా, అబద్ధం ఎందుకు, డబ్బు గురించి కూడా.
బెంగళూరులో ఉండే అన్న స్టెంటే అంటాడు. అమ్మ అసలు ఏదీ వద్దంటుంది. నాన్నేమో పొగాకు బేళ్లు సగం ఇంట్లోనే ఉన్నాయి, వేలం అయినాక చూద్దాం అంటాడు. ఎవరైనా చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

రొయ్యల_గుంట
5.8 అంటే పొట్టలో బాంబు పెట్టుకుని తిరుగుతున్నట్టే. రేపే చేర్పించు. ఆలోచించేది ఏముంది ఇందులో?

స్కాన్_రూమ్
@రొయ్యల_గుంట వాళ్లను అట్లా భయపెట్టకండి. నేను నెల్లూరులో స్కాన్ సెంటర్‌లో టెక్నీషియన్ని. 3 సెం.మీ. దాటితే ఉబ్బు అంటాం. మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5 వచ్చేదాకా మామూలుగా స్కాన్‌లతో చూసుకుంటూ పోతారు. అది దాటితే, లేదా ఆరు నెలల్లోనే అర సెంటీమీటరు పెరిగితే, ఆపరేషన్ మాట ఎత్తుతారు. మీ నాన్న ఆ గీత దాటారు కాబట్టి చేయించాలి. కానీ రేపు పొద్దున్నే కాదు. రెండు మూడు వారాల్లో పరీక్షలన్నీ చేయించుకుని నిదానంగా తేల్చుకునే టైం ఉంది. వేలం అయ్యేదాకా మాత్రం వద్దు.
ఇంకోటి, అల్ట్రాసౌండ్ కొలతకూ సీటీ కొలతకూ కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుంది. సీటీ యాంజియో, అంటే రంగు మందు ఎక్కించి రక్తనాళాలకు తీసే సీటీ, తీయించారా? అది లేకుండా ఏ ఆపరేషన్ అనే చర్చే దండగ.

కందుకూరు_చిన్నోడు
తీయించలేదన్నా. చెన్నైలో రాసిచ్చారు. వచ్చే వారం.

ఐసీయూ_నైట్_డ్యూటీ
మాది కావలి. చెన్నైలో ఐసీయూలో పదకొండేళ్లుగా చేస్తున్నా. రెండు రకాలూ చూశాను.
ఓపెన్ అంటే రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాటేదాకా కోత. పేగులు పక్కకు జరిపి, ఉబ్బుకు పైనా కిందా నాళాన్ని క్లాంప్ పెట్టి ఆపుతారు. ఉబ్బును చీల్చి లోపలి రక్తపు గడ్డ తీసేసి, పాలిస్టర్ గుడ్డతో నేసిన గొట్టాన్ని కుడతారు. దాన్ని డేక్రాన్ అంటారు. క్లాంప్ వేసిన క్షణం గుండె మీద బరువు పడుతుంది, తీసిన క్షణం బీపీ దబ్బున పడుతుంది. అందుకే గుండె బాగుందా లేదా అని ముందు అంత చూసేది. తర్వాత ఐసీయూలో రెండు మూడు రోజులు, ముక్కులో గొట్టం, వీపులో నొప్పి మందు గొట్టం. మొత్తం వారం, పది రోజులు ఆస్పత్రిలో. మునుపటి మనిషి కావడానికి రెండు మూడు నెలలు.
స్టెంట్ పేషెంటు మర్నాడు పొద్దున ఇడ్లీ తింటూ ఫోన్ చూసుకుంటుంటాడు. నిజం అదే.
కానీ స్టెంట్ వేసినోళ్లు ఐసీయూ దాటాక ఏమవుతారో నాకు కనిపించదు. అది ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

పెన్నా_గట్టు
మా చిన్నాన్నకు స్టెంట్ వేయించి ఐదేళ్లయింది. అప్పటికి ఆయనకు 78, గుండె పంపింగ్ 35 శాతం, పైగా ఆయాసం. కోస్తే టేబుల్ మీదే పోతాడని మొహం మీదే చెప్పారు. తొడల దగ్గర రెండు వైపులా చిన్న రంధ్రాలు, అంతే. ఇప్పుడు రోజూ నెల్లూరు చెరువు గట్టు మీద వాకింగ్. ఆదివారం చేపల పులుసు తప్పదు. ఉబ్బు కూడా 6.1 నుంచి 4.8కి తగ్గింది. పొట్ట కోయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే నేను ఊరుకోను.

సింగరాయకొండ_రమ
@పెన్నా_గట్టు మీ చిన్నాన్నకు వేరే దారి లేదు కాబట్టి స్టెంట్. ఈ అబ్బాయి వాళ్ల నాన్న మోటార్ సైకిల్ మీద పొలానికి పోయే మనిషి. రెండూ ఒకటి ఎట్లా అవుతాయి?
మా మామగారిది చెబుతా. 2018లో స్టెంట్ వేశారు, ఆస్పత్రి పేరు వద్దు. మూడో రోజు నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఊరంతా వచ్చి చూసిపోయారు, ఇదేం ఆపరేషన్ అబ్బయ్యా గాటు కూడా లేదే అని. నెల తిరిగాక ఒక సీటీ, ఏడాది తిరిగాక ఒక సీటీ తీయించాం. అంతా బాగుందన్నారు. తర్వాత కరోనా. 2020, 2021 రెండేళ్లూ పోలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాం. డిశ్చార్జి కాగితంలో ప్రతి ఏడాదీ రావాలని ఒక లైను ఉంది, కానీ ఎందుకు రావాలో ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. 2022లో నడుం నొప్పి అంటే పోయాం. స్టెంట్ పై కొస నాళానికి అతుక్కున్నచోట వదులైంది, రక్తం పక్క నుంచి మళ్లీ ఉబ్బులోకే పోతోంది. 5.6 ఉన్నది 7 అయి కూర్చుంది. పైన ఇంకో ముక్క వేశారు. రెండో బిల్లు మొదటిదానికి ఏమీ తీసిపోలేదు.
స్టెంట్ చెడ్డదని అనను. వేయించుకున్నాక ఏడాదికోసారి మనిషిని తీసుకుపోయేవాడు ఇంట్లో ఒకడు ఉండాలి. మా ఇంట్లో అందరం ఉన్నాం, అయినా ఎవరూ తీసుకుపోలేదు.

రొయ్యల_గుంట
అక్కా మీరు చెప్పేది వింటుంటే నా బాంబే నయం.

వేటపాలెం_లైబ్రరీ
లెక్కలు అడిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అడక్కుండానే చెబుతున్నా. బ్రిటన్‌లో ఎవార్-1 అని పెద్ద పరీక్ష జరిగింది. 1999 నుంచి 2004 దాకా 1252 మందిని చేర్చుకుని కొందరికి ఓపెన్, కొందరికి స్టెంట్ చేశారు. నెల లోపు చనిపోయినవాళ్లు స్టెంట్‌లో 1.8 శాతం, ఓపెన్‌లో 4.3. ఇక్కడిదాకా విని అందరూ స్టెంట్ గెలిచిందన్నారు. వాళ్లనే 15 ఏళ్ల దాకా చూస్తూ పోతే, రెండు మూడేళ్లకు ఆ తేడా చెరిగిపోయింది. ఎనిమిదేళ్లు దాటాక ఓపెన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ మంది బతికి ఉన్నారు. స్టెంట్ వాళ్లలో ఉబ్బు ఆలస్యంగా పగలడం ఒక కారణం.
అందుకే 2020లో బ్రిటన్ మార్గదర్శకాలు తట్టుకోగలిగిన మనిషికి ఓపెనే ముందు సూచించమన్నాయి. యూరప్ సర్జన్ల సంఘం మాత్రం నాళం ఆకారం కుదిరితే ఎక్కువ మందికి స్టెంటే మేలంటుంది, బాగా ఆయుష్షు ఉన్నవాళ్లకు ఓపెన్ ఆలోచించమంటుంది. మీ నెల్లూరు, చెన్నై డాక్టర్లు కొట్టుకోవడంలో వింత లేదు, వాళ్ల పెద్దలూ కొట్టుకుంటున్నారు.

పెన్నా_గట్టు
1999 నాటి స్టెంట్లు వేరు, ఇప్పటివి వేరు. పాత లెక్కలు చూపించి జనాన్ని కోతకు పంపకండి సార్.

వేటపాలెం_లైబ్రరీ
ఒప్పుకుంటా. కానీ పదిహేనేళ్ల ఫలితం కావాలంటే పదిహేనేళ్ల కిందటి స్టెంటే దొరుకుతుంది. కొత్తదాని పదిహేనేళ్ల లెక్క ఇవాళ ఎక్కడ తెచ్చేది?
సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి. ఐన్‌స్టీన్‌కి ఉన్నది ఇదే జబ్బు. 1948లో నిస్సెన్ అనే సర్జన్ పొట్ట తెరిచి ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. అప్పటికి ఈ గుడ్డ గొట్టాలు లేవు. ఆరేళ్ల పైన గడిచాయి. 1955లో పగిలింది, మళ్లీ ఆపరేషన్ వద్దని ఆయనే అన్నాడు. తొడల నుంచి స్టెంట్ పంపే పద్ధతి 1990లో అర్జెంటీనాలో పరోడి అనే ఆయన మొదలుపెట్టాడు.

రొయ్యల_గుంట
సెల్లోఫేన్ అంటే అగరబత్తి ప్యాకెట్ మీద ఉండేదేనా? దానితో ఆరేళ్లా?

ఉదయగిరి_మూలిక
తెల్లమద్ది బెరడు కషాయం పొద్దున పరగడుపున 40 రోజులు తాగితే నాళాలు గట్టిపడి ఉబ్బు దానంతట అదే కరుగుతుంది. కోతలు, గొట్టాలు ఎందుకు?

స్కాన్_రూమ్
@ఉదయగిరి_మూలిక కషాయానికి కరిగిన ఉబ్బును ఒక్కదాన్నీ నేను స్క్రీన్ మీద చూడలేదు. 40 రోజులు ఆగితే ఏమవుతుందో మీరు బాధ్యత తీసుకుంటారా? @కందుకూరు_చిన్నోడు అన్నా, ఈ పోస్టు మీ అమ్మగారికి చూపించకండి.

కందుకూరు_చిన్నోడు
అమ్మ ఆల్రెడీ బెరడు తెప్పించింది.

సింగరాయకొండ_రమ
హహ. దాచిపెట్టు తమ్ముడూ.
ఉన్నట్టుండి కడుపులోనో నడుంలోనో భరించలేని నొప్పి వచ్చినా, చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోయినా, గ్యాస్ అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టొద్దు. నేరుగా ఆపరేషన్ చేయగలిగే ఆస్పత్రికే పోవాలి. ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకో. ఇది అమ్మకు కూడా చెప్పు.

మిత్ర_గారు
ఆరోగ్యశ్రీ సంగతి ఎవరూ ఎత్తలేదు. కార్డు ఉందా? ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. చేరే ముందే ఆ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి: ఏ ఆపరేషన్ కవరవుతుంది, స్టెంట్ ఖర్చు అందులో ఎంత వస్తుంది, మిగతాది ఎవరు కట్టాలి. చేరాక అడిగితే జవాబు మారుతుంది, నా అనుభవం. పక్క రాష్ట్రంలో చేయించేటట్టయితే అక్కడ మన కార్డు చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోండి.

ఐసీయూ_నైట్_డ్యూటీ
చుట్ట ఇవాళే మానిపించండి. ఆపరేషన్ ఏదైనా సరే. ఉబ్బు రావడానికీ, తొందరగా పెరగడానికీ అన్నిటికంటే పెద్ద కారణం పొగే. ఓపెన్ అయితే ఊపిరితిత్తుల కోసం కూడా. మూడు బంతుల పరికరం ఒకటి కొని ఇప్పటి నుంచే ఊపిరి లోపలికి పీల్పించండి. ఆపరేషన్ అయినాక నేర్పితే నొప్పికి ఎవరూ చేయరు.

కందుకూరు_చిన్నోడు
పొగాకు పండించే ఇంట్లో చుట్ట మానిపించడం అంటే ఏందో మీకు తెలియదక్కా. చూరులోనే ఆకు వేలాడుతుంటది. మానమని చెప్పడానికి నాకూ మొహం చెల్లట్లేదు, నేను రోజుకు అర ప్యాకెట్ తాగుతా.

కందుకూరు_చిన్నోడు
సీటీ వచ్చింది. ఉబ్బు 6.0. కిడ్నీ నాళాల కింద నుంచి ఉబ్బు మొదలయ్యేదాకా ఉండే మంచి భాగాన్ని మెడ అంటారంట. అది నాన్నకు 8 మిల్లీమీటర్లే, పైగా వంపు తిరిగింది. కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 1.6. గుండెకు తీసిన ఎకో బాగుంది. ఊపిరితిత్తుల పరీక్షలో కొంచెం తక్కువ, కానీ చేయొచ్చు అన్నారు. మోకాళ్ల వెనక కూడా ఒత్తి చూశారు, అక్కడ కూడా ఇట్లాంటి ఉబ్బు ఉంటుందేమో అని. లేదు.

స్కాన్_రూమ్
ఇదే అసలు విషయం. స్టెంట్ పై కొస పట్టుకుని నిలబడేది ఆ మెడ మీదే. మామూలు స్టెంట్‌కి 10 నుంచి 15 మిల్లీమీటర్లు నేరుగా ఉండాలి. 8 ఉండి వంపు కూడా ఉంటే, రమ గారి మామగారికి అయినట్టు పైన లీకయ్యే భయం ఎక్కువ. చెన్నైలో ఏమన్నారు?

కందుకూరు_చిన్నోడు
మామూలుది కుదరదన్నారు. కిడ్నీ నాళాలకు రంధ్రాలు పెట్టి నాన్న కొలతలకు తయారు చేయించే స్టెంట్ వేయాలంట. తయారై రావడానికి వారాలు పడుతుంది. రేటు విన్నాక అన్న ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెన్నా_గట్టు
సరే, మెడ అట్లా ఉంటే నేను కూడా ఓపెన్ వద్దనను. అయినా ఇంకొక సర్జన్‌కి చూపించండి. ఏడాదికి ఇట్లాంటివి ఎన్ని చేస్తారో మొహమాటం లేకుండా అడగండి. స్టెంట్ ఒక్కటే తెలిసినవాడు స్టెంటే అంటాడు, కోత ఒక్కటే తెలిసినవాడు కోతే అంటాడు. రెండూ చేసేవాడిని పట్టుకోండి.

మిత్ర_గారు
+1. క్రియాటినిన్ 1.6 కూడా చిన్న విషయం కాదు. స్టెంట్ అయితే ప్రతి సీటీకీ రంగు మందు ఎక్కిస్తారు, అది కిడ్నీల మీద పడుతుంది.

స్కాన్_రూమ్
ప్రతిసారీ సీటీనే అక్కర్లేదు, అంతా బాగుంటే తర్వాత రక్తం పారేది చూపించే అల్ట్రాసౌండ్, అదే డాప్లర్‌తో చూసేవాళ్లు ఉన్నారు. అది మా దగ్గరే అవుతుంది. కానీ చూడాల్సిందే, మానేయడానికి లేదు.

కందుకూరు_చిన్నోడు
వేలూరు పోయొచ్చాం. రెండు రకాలూ చేసే సర్జన్ అక్కడ దొరికారు. సీటీ బొమ్మలు మాకే తిప్పి చూపించారు. నాన్న అంతసేపూ మాట్లాడలేదు. చివరికి అడిగాడు: "అయ్యా, ఈ గొట్టం ముందు పోతుందా, నేను ముందు పోతానా?"
డాక్టరు నవ్వి, కుట్టే గొట్టమైతే మీకంటే ఎక్కువ కాలమే ఉంటుంది అన్నారు.
"మరి ఆ రెండోది?"
"దాన్ని చూసుకుంటూ ఉండాలి, ఏడాదికోసారి రావాలి."
"ఉన్న పొలాన్నే చూసుకోలేక చస్తున్నా సామీ. కుట్టేది కుట్టెయ్."
అన్న వీడియో కాల్‌లో ఉండి ఏదో అనబోయాడు. నాన్న ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు.

రొయ్యల_గుంట
మీ నాన్నకు ఈ థ్రెడ్ అవసరమే లేదు. మేమే దండగ.

కందుకూరు_చిన్నోడు
సారీ, పన్నెండు రోజులుగా ఇటు రాలేదు. ఆపరేషన్ అయింది. నాలుగున్నర గంటలు. కిడ్నీల కిందే క్లాంప్ పట్టింది. రెండో రోజు ముక్కులో గొట్టం తీశారు. నాలుగో రోజు పొట్ట బిగుసుకుపోయి పేగులు కదల్లేదు, వాంతులు. అప్పుడు మాత్రం అన్న మాట వినుంటే బాగుండేదా అని నేను, అమ్మ వరండాలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నాం. రెండు రోజులకు సర్దుకుంది. గ్యాస్ పోయిందని నర్సు చెప్తే అమ్మ దండం పెట్టింది, ఆ అమ్మాయికి నవ్వాగలేదు. నిన్న ఇంటికొచ్చాం. క్రియాటినిన్ 1.9 దాకా పోయి 1.6కి వచ్చింది.
బంతులు మూడూ లేపుతున్నాడు. చుట్ట మానేసి నలభై రోజులు. పొట్టకు బెల్ట్ పెట్టుకోమంటే మాత్రం చెమట అని తీసి అవతల పడేస్తున్నాడు.

ఐసీయూ_నైట్_డ్యూటీ
నాలుగో రోజు అట్లా అవడం మామూలే, ముందే చెప్పాల్సింది నేను. బరువులు మాత్రం ఎత్తనివ్వద్దు. కుట్ల దగ్గర హెర్నియా వస్తే మళ్లీ టేబుల్ ఎక్కాలి. మిగిలిన బేళ్లు నువ్వే మోయాలి.

కందుకూరు_చిన్నోడు
మోస్తున్నా. గ్రేడింగ్ సరిగా చేయలేదని మంచం మీద నుంచే తిడుతున్నాడు.

పెన్నా_గట్టు
సంతోషం. మా చిన్నాన్నకు చెప్పా. పొట్ట కోయించుకుని లేచాడా, గట్టోడే అన్నాడు. ఆయనకు ఈ నెలలో స్కాన్ ఉంది, రమ గారి పోస్టు చదివాక ఇంకా ముందే తీసేటట్టు డేట్ మార్పించా.

సింగరాయకొండ_రమ
మంచి పని చేశారు.

స్కాన్_రూమ్
@కందుకూరు_చిన్నోడు ఇది తండ్రికి ఉంటే పిల్లలకు, అన్నదమ్ములకు కూడా వచ్చే అవకాశం ఎక్కువ. మీ అన్నకు ఎన్నేళ్లు?

కందుకూరు_చిన్నోడు
52. బెంగళూరులో తీయించుకున్నాడు, 2.1, ఏమీ లేదు. నాకు 46. నేను తర్వాత చూద్దామనుకుంటున్నా, వేలం ఇంకా రెండు వారాలు ఉంది.

రొయ్యల_గుంట
ఎక్కడో విన్నట్టుంది ఈ డైలాగు.

స్కాన్_రూమ్
మామూలుగా 50 దాటాక చూస్తారు. కానీ నువ్వు పొగ తాగుతున్నావు. బుధవారం నాకు పొద్దుటి డ్యూటీ, ఎనిమిదికల్లా పరగడుపున రా. సిగరెట్ కూడా లేకుండా.